సరి సంఖ్యలూ అసమీకరణాలూ కలిసిన డేటా సఫిషియెన్సీ లెక్కలను ఎలా చేయాలి

డేటా సఫిషియెన్సీ లెక్కలో మీరు తేల్చవలసింది జవాబు కాదు, జవాబు చెప్పడానికి ఇచ్చిన సమాచారం చాలుతుందా లేదా అన్నది. పైన ఒక ప్రశ్న, దాని కింద 1, 2 అని రెండు ప్రవచనాలు (నిజమని ఇచ్చిన వాక్యాలు), ఆ తరువాత ఎప్పుడూ ఒకే వరుసలో అయిదు ఆప్షన్లు ఉంటాయి. ఒకటో ప్రవచనం మాత్రమే సొంతంగా చాలితే ఏ, రెండోది మాత్రమే సొంతంగా చాలితే బీ, విడివిడిగా ఏదీ చాలక రెండూ కలిపినప్పుడు చాలితే సీ, దేనికది విడిగానే చాలితే డీ, రెండూ కలిపినా చాలకపోతే ఈ. ఇది మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రవేశ పరీక్ష అయిన జీమ్యాట్ పాటించే వరుస. ఇతర పోటీ పరీక్షల్లో ఇది మారవచ్చు కనుక, లెక్క మొదలుపెట్టే ముందు అక్కడి సూచనలను ఒకసారి చదవడం మంచిది.

జీమ్యాట్‌లో 2023 నవంబరు నుంచి అమలులోకి వచ్చిన కొత్త రూపంలో ఈ తరహా ప్రశ్నలు గణిత విభాగం నుంచి డేటా ఇన్‌సైట్స్ అనే విభాగానికి మారాయి. ఆ విభాగంలో 20 ప్రశ్నలకు 45 నిమిషాలు, అంటే సగటున ఒక్కో ప్రశ్నకు రెండుంపావు నిమిషాలు దొరుకుతాయి. తెర మీద క్యాలిక్యులేటర్ కూడా ఉంటుంది గానీ, సరి సంఖ్యల లెక్కకు అది పెద్దగా ఉపయోగపడదు. ఈ లెక్కకు కావలసింది కాగితం మీద ఒక సంఖ్యారేఖ, దాని మీద కొన్ని చుక్కలు. ప్రశ్నకు పైన ఏదైనా కథ తొడిగి ఇచ్చినా, లోపల ఉన్నది సరి సంఖ్య, అసమీకరణం అయితే పద్ధతి మారదు.

ఆ పద్ధతి అంతా ఒకే ఆలోచన మీద నిలబడి ఉంది. అసమీకరణం, అంటే <, > వంటి గుర్తులతో ఎక్కువ తక్కువలు చెప్పే వాక్యం, సంఖ్యారేఖ మీద ఒక హద్దు గీస్తుంది. సరి సంఖ్య అన్న మాట ఆ హద్దు లోపల రెండేసి అంకెల దూరంలో చుక్కలు పెడుతుంది. ఎన్ని చుక్కలు మిగిలాయి, మిగిలినవన్నీ ఒకే జవాబు చెబుతున్నాయా అన్న రెండు విషయాలు తేలితే లెక్క తేలినట్టే. ఈ రెంటిలో ఒకదాన్ని మరిచిపోయి, అసమీకరణాన్ని మాత్రమే సాధించి చేతులు దులుపుకోవడం వల్లనే ఎక్కువ తప్పులు జరుగుతాయి.

తెలియని సంఖ్యలకు ఈ వ్యాసంలో క, గ అని పేర్లు పెడుతున్నాను.

ప్రశ్నను ముందుగా విప్పి రాసుకోండి

ప్రవచనాలను చూడక ముందే ప్రశ్న ఏ జాతికి చెందినదో గుర్తించండి. ‘క విలువ ఎంత?’ అని అడిగితే ఒకే ఒక్క విలువ మిగలాలి. రెండు మిగిలితే ఆ సమాచారం చాలనట్టే. ‘క ధన సంఖ్య అవుతుందా?’ అని అడిగితే ఎన్ని విలువలు మిగిలినా ఫరవాలేదు, అవన్నీ ఔననాలి, లేదా అన్నీ కాదనాలి. ఇక్కడ చాలామంది తడబడతారు. ప్రతి విలువా కాదనే చెబితే ఆ ప్రవచనం చాలదని పొరబడి కొట్టేస్తారు. కచ్చితంగా ‘కాదు’ అని తేలడం కూడా తేలడమే. ఒకసారి ఔను, మరొకసారి కాదు అని వస్తేనే సమాచారం చాలనట్టు.

తరువాత ప్రశ్నలో సంఖ్యల గురించి ఏమేమి చెప్పారో ఒక వరుసలో రాసుకోండి. సరి సంఖ్య అంటే 2తో నిశ్శేషంగా భాగించగల పూర్ణసంఖ్య. సున్న సరి సంఖ్యే, −2, −4, −6 కూడా సరి సంఖ్యలే. ఈ మాట అందరికీ తెలిసినదే అయినా, గడియారం నడుస్తున్నప్పుడు చేయి అలవాటుగా 2, 4, 6 అని రాసుకుంటూ పోతుంది. నేను సాధన చేస్తున్న రోజుల్లో −3 < క < 2 అన్న హద్దుల మధ్య −2 ఒక్కటే ఉందని రాసి, సమాచారం చాలుతుందని గుర్తు పెట్టి, జవాబు తప్పని తెలిశాక కూడా చాలాసేపు ఎక్కడ పోయిందో పట్టుకోలేకపోయాను. పోయింది సున్న. అప్పటి నుంచి సరి సంఖ్యల జాబితాను సున్న దగ్గర మొదలుపెట్టి రెండు వైపులకూ రాయడం అలవాటు చేసుకున్నాను. మీరూ అలాగే చేయమని నా సలహా.

ప్రశ్నలో ‘ధన’ అని ఉందా, ‘పూర్ణసంఖ్య’ అని ఉందా అన్నది వెతికి, లేకపోతే లేదని కూడా రాసుకోండి. క పూర్ణసంఖ్య అని చెప్పకపోతే 1/2, −1/2 వంటి భిన్నాలూ బరిలో ఉన్నట్టే. క, గ వేర్వేరు సంఖ్యలని చెప్పకపోతే రెండూ సమానం కావచ్చు. చెప్పని దాన్ని మనమే ఊహించి కలుపుకోకూడదు.

హద్దుల మధ్య చుక్కలు లెక్కపెట్టండి

విలువ అడిగే ప్రశ్నతో మొదలుపెడదాం.

క ఒక సరి పూర్ణసంఖ్య. క విలువ ఎంత?
(1) 11 < 3క < 23
(2) క² < 30

ఒకటో ప్రవచనాన్ని 3తో భాగిస్తే క అనేది 3.66 చిల్లరకూ 7.66 చిల్లరకూ మధ్య ఉందని తేలుతుంది. ఆ మధ్యలో ఉన్న సరి సంఖ్యలు 4, 6. రెండు మిగిలాయి కనుక ఒకటో ప్రవచనం చాలదు. ఇప్పుడు దాన్ని పూర్తిగా మరిచిపోయి రెండోదాన్ని చూడండి. వర్గం 30 కంటే తక్కువగా ఉండే సరి సంఖ్యలు −4, −2, 0, 2, 4. అయిదు మిగిలాయి, ఇదీ చాలదు. రెండు జాబితాలనూ పక్కపక్కన పెడితే ఉమ్మడిగా ఉన్నది 4 ఒక్కటే. జవాబు సీ.

ఇదే లెక్కలో ‘సరి’ అన్న మాట తీసేసి పూర్ణసంఖ్య అని మాత్రమే ఉంచితే ఏమవుతుందో కూడా చూడండి. ఒకటో ప్రవచనానికి 4, 5, 6, 7 మిగులుతాయి. రెండోదానికి −5 నుంచి 5 వరకు అన్నీ మిగులుతాయి. కలిపితే 4, 5 రెండూ నిలుస్తాయి. జవాబు ఈ అయిపోతుంది. ఆ ఒక్క మాట మీదే లెక్క తిరగబడింది కనుక, ప్రశ్నలో ‘సరి’ అన్న మాట కింద గీత గీసుకుని ముందుకు వెళ్లండి.

చుక్కలు లెక్కపెట్టడంలో ఒక చిన్న వెసులుబాటు ఉంది. రెండు వైపులా < గుర్తే ఉండి, హద్దుల మధ్య వెడల్పు 2 గానీ అంతకంటే తక్కువ గానీ అయితే, అందులో ఒకటి కంటే ఎక్కువ సరి సంఖ్యలు పట్టవు. వెడల్పు 4 కంటే ఎక్కువైతే కనీసం రెండు తప్పకుండా ఉంటాయి. ఈ రెంటి నడుమ ఉన్నప్పుడు మాత్రం హద్దులు ఎక్కడ పడ్డాయో చూడాలి. ఉదాహరణకు 2 < క < 6 అంటే వెడల్పు 4, లోపల ఉన్నది 4 ఒక్కటే. 3 < క < 7 అన్నా వెడల్పు 4 గానే ఉంటుంది, కానీ లోపల 4, 6 రెండూ ఉన్నాయి. పరమమూల్యంతో ఇచ్చిన ప్రవచనాలూ ఇలాంటివే. |క − 4| < 2 అంటే 4 నుంచి రెండు కంటే తక్కువ దూరంలో ఉన్న సంఖ్య అని అర్థం, కనుక సరి సంఖ్య 4 ఒక్కటే. |క − 5| < 2 అంటే 4, 6. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి, ఫలితం మాత్రం వేరు.

గుర్తు కింద గీత ఉందా లేదా అన్నది కూడా ఇక్కడే పట్టించుకోవాలి. |క − 4| ≤ 2 అని ఉంటే 2, 4, 6 మూడూ లోపలికి వస్తాయి. హద్దు సరి సంఖ్య మీద పడినప్పుడే ఈ గీత ప్రాణాంతకం. బేసి సంఖ్య మీదో భిన్నం మీదో పడితే ఉన్నా లేకపోయినా ఒకటే.

ఔను, కాదు ప్రశ్నల్లో చెడగొట్టే సంఖ్యను వెతకండి

ఔను, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నల్లో మీ పని నిరూపించడం కంటే చెడగొట్టడం అని అనుకోండి. ప్రవచనానికి సరిపోయే ఒక సంఖ్య ఔనంటే, అదే ప్రవచనానికి సరిపోతూ కాదనే మరొక సంఖ్య కోసం వెతకాలి. అది దొరికిన క్షణంలోనే ఆ ప్రవచనం పని అయిపోతుంది; ఇక దాని గురించి ఆలోచించనక్కరలేదు. ఎంత వెతికినా దొరకకపోతే అప్పుడు ఎందుకు దొరకడం లేదో కారణం రాసుకోవాలి. కారణం లేకుండా, రెండు మూడు సంఖ్యలు ఒకేలా వచ్చాయి కదా అని చాలుతుందని నిర్ణయించడం ప్రమాదం.

క ఒక సరి పూర్ణసంఖ్య. క > 0 అవుతుందా?
(1) క² > క
(2) క³ > క

ఒకటో ప్రవచనానికి 2 తీసుకోండి: 4 > 2, సరిపోయింది, జవాబు ఔను. −2 తీసుకోండి: 4 > −2, ఇదీ సరిపోయింది, జవాబు కాదు. ఒకటో ప్రవచనం చాలదు. రెండోదానికి 2 తీసుకుంటే 8 > 2, ఔను. −2 తీసుకుంటే −8 > −2 అన్నది అబద్ధం, కనుక −2ను అసలు లోపలికి రానివ్వకూడదు. సున్న తీసుకుంటే 0 > 0 కూడా అబద్ధమే. −4, −6 అని కిందికి పోయే కొద్దీ ఘనం ఇంకా వేగంగా దిగిపోతుంది. అంటే ఈ ప్రవచనాన్ని నిజం చేసే సరి సంఖ్యలన్నీ 2 గానీ అంతకంటే పెద్దవి గానీ అవుతాయి. రెండోది ఒక్కటే చాలుతుంది, జవాబు బీ.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రవచనాన్ని అబద్ధం చేసే సంఖ్యను పట్టుకుని ‘కాదు’ అన్న జవాబు దొరికిందని సంబరపడేవారు ఎక్కువ. ప్రవచనాలు రెండూ ఎప్పుడూ నిజమే; వాటికి సరిపోని సంఖ్యకు జవాబు చెప్పే హక్కు లేదు. ముందు ప్రవచనానికి సరిపోతుందా అని చూడండి, తరువాతనే ప్రశ్నకు ఏం చెబుతుందో చూడండి. ఈ వరుస తిరగబడితే లెక్క కూడా తిరగబడుతుంది.

పై ప్రశ్నలో క పూర్ణసంఖ్య అని చెప్పకపోయి ఉంటే −1/2 వచ్చి రెండో ప్రవచనాన్ని చెడగొట్టేది. దాని ఘనం −1/8, అది −1/2 కంటే పెద్దది. వర్గం 1/4 కూడా −1/2 కంటే పెద్దదే కనుక ఒకటో ప్రవచనానికీ అది సరిపోతుంది. అప్పుడు జవాబు ఈ. సరి సంఖ్య అనడంలో పూర్ణసంఖ్య అన్న సమాచారం కూడా ఇమిడి ఉంటుందని దీన్ని బట్టి గమనించవచ్చు.

చెడగొట్టడానికి తీసుకోవలసిన సంఖ్యలు మరీ ఎక్కువేమీ కావు. సరి సంఖ్యల లెక్కలో సున్న, 2, −2, హద్దుకు ఆనుకుని ఉన్న సరి సంఖ్య, హద్దుకు బాగా దూరంగా ఉన్న ఒక పెద్ద సంఖ్య, రెండు సంఖ్యలున్న చోట రెండూ సమానమైన సందర్భం. నా అనుభవంలో చాలని ప్రవచనాల్లో చాలా మట్టుకు ఈ కొద్దిమంది చేతిలోనే పడిపోతాయి.

గుర్తును బిగించండి

ఈ వ్యాసంలో అన్నిటికంటే విలువైన అడుగు ఇదేనని నా అభిప్రాయం. సరి సంఖ్య 10 కంటే పెద్దదని చెబితే అది 10 పక్కన 10.1 దగ్గర నిలబడలేదు, 11 దగ్గర కూడా నిలబడలేదు. కనీసం 12 దాకా పోవాలి. కనుక సరి సంఖ్య ఏదైనా ఒక సరి హద్దు కంటే పెద్దదంటే, ఆ హద్దుకు 2 కలిపి ≥ గుర్తు పెట్టి రాసుకోవచ్చు. హద్దు బేసి సంఖ్య అయితే 1 కలపాలి. దీన్నే నేను గుర్తును బిగించడం అంటాను. రెండు సరి సంఖ్యల మొత్తం సరి సంఖ్యే, భేదమూ సరి సంఖ్యే కనుక, ఒక్కొక్క సంఖ్యనే కాక క + గ, క − గ వంటి వాటినీ ఇలాగే బిగించవచ్చు.

క, గ సరి పూర్ణసంఖ్యలు. క > 8 అవుతుందా?
(1) క + గ > 10
(2) క − గ > 4

విడివిడిగా చూస్తే రెండూ చాలవు. మొదటిదానికి క = 2, గ = 20 అంటే కాదు, క = 20, గ = 2 అంటే ఔను. రెండోదానికి క = 0, గ = −10 అంటే కాదు, క = 20, గ = 2 అంటే ఔను. ఇక కలిపి చూడాలి. గుర్తులు ఒకే దిక్కుకు ఉన్నాయి కనుక రెంటినీ కూడవచ్చు: 2క > 14, అంటే క > 7. క సరి సంఖ్య కనుక 8 కావచ్చు, 10 కావచ్చు. 8 అయితే ప్రశ్నకు జవాబు కాదు, 10 అయితే ఔను. చాలదనిపిస్తుంది, ఈ అని గుర్తు పెట్టాలనిపిస్తుంది.

తొందరపడకుండా, కూడక ముందే బిగించి చూడండి. క + గ సరి సంఖ్య, 10 కంటే పెద్దది, కనుక కనీసం 12. క − గ సరి సంఖ్య, 4 కంటే పెద్దది, కనుక కనీసం 6. ఇప్పుడు కూడితే 2క ≥ 18, క ≥ 9, సరి సంఖ్య కనుక క ≥ 10. జవాబు ఎప్పుడూ ఔను. సరైన ఆప్షన్ సీ.

నమ్మకం కుదరకపోతే క = 8 పెట్టి పరీక్షించండి. మొదటి ప్రవచనం గ > 2 అంటుంది, రెండోది గ < 4 అంటుంది. 2కూ 4కూ మధ్య సరి సంఖ్య లేదు. ఉన్నది 3, అది బేసి. కనుక క విలువ 8 కావడం అసాధ్యం. కూడిన తరువాత వచ్చిన క > 7 అన్నది నిజమే, కానీ అందులో గ సరి సంఖ్య అన్న విషయం జారిపోయింది. బిగించడాన్ని చివరికి వాయిదా వేయకుండా మొదటే చేయమనడం ఇందుకే.

కూడవచ్చని అన్నాను గానీ, ఒక అసమీకరణం నుంచి అదే దిక్కున్న మరొక దాన్ని తీసివేయకూడదు. పై రెంటినీ తీసివేసి 2గ > 6, కనుక గ > 3 అని రాస్తే తప్పు. క = 20, గ = −2 రెండు ప్రవచనాలకూ సరిపోతాయి, గ మాత్రం 3 దరిదాపుల్లో కూడా లేదు.

బిగించడం వల్ల మరొక లాభం కూడా ఉంది. వేర్వేరుగా కనిపించే రెండు ప్రవచనాలు నిజానికి ఒకే మాట చెబుతున్నాయేమో అది బయటపెడుతుంది. క, గ సరి పూర్ణసంఖ్యలని చెప్పి, క > గ అవుతుందా అని అడిగి, క + 1 > గ అని ఒకటో ప్రవచనం, క + 2 > గ అని రెండో ప్రవచనం ఇచ్చారనుకోండి. మొదటిదాని ప్రకారం క − గ > −1, బిగిస్తే క − గ ≥ 0. రెండోదాని ప్రకారం క − గ > −2, బిగిస్తే అదీ క − గ ≥ 0. ఒకే సమాచారాన్ని రెండుసార్లు చెప్పి ఊరుకున్నారు. రెండు సంఖ్యలూ సమానం కావచ్చు, మొదటిది పెద్దది కావచ్చు. కలిపినా కొత్తగా వచ్చేదేమీ లేదు, జవాబు ఈ. బిగించిన తరువాత రెండు ప్రవచనాలూ ఒకటే అయితే ఇక మిగిలేవి డీ, ఈ మాత్రమేనని గుర్తుంచుకుంటే సమయం కలిసివస్తుంది. ఇందులో రెండో ప్రవచనం స్థానంలో క, గ సమానం కావు అని ఉండి ఉంటే జవాబు సీ అయ్యేది.

గుర్తు తెలియని సంఖ్యతో భాగించకండి

అసమీకరణాన్ని రుణ సంఖ్యతో గుణించినా భాగించినా గుర్తు దిక్కు మారుతుంది. సంఖ్య ధనమో రుణమో తెలియనప్పుడు గుణించడమూ భాగించడమూ రెండూ చేయరాదు. సున్న కావచ్చునంటే భాగించడం అసలే కుదరదు.

క, గ సున్న కాని సరి పూర్ణసంఖ్యలు. క > గ అవుతుందా?
(1) క/గ > 1
(2) క + గ > 0

ఒకటో ప్రవచనాన్ని చూడగానే గ తో గుణించి క > గ అని రాసేయాలని చేయి లాగుతుంది. ఆగండి. క = 4, గ = 2 అయితే భాగఫలం 2, ప్రశ్నకు జవాబు ఔను. క = −4, గ = −2 అయితే భాగఫలం మళ్లీ 2, కానీ −4 అనేది −2 కంటే చిన్నది, జవాబు కాదు. చాలదు. రెండో ప్రవచనానికి 4, 2 తీసుకుంటే ఔను, 2, 4 తీసుకుంటే కాదు, ఇదీ చాలదు. కలిపి చూస్తే, భాగఫలం ధనం కనుక రెండు సంఖ్యలూ ఒకే గుర్తుతో ఉన్నాయి. మొత్తం ధనం కనుక ఆ గుర్తు ధనమే. ఇప్పుడు గ తో నిర్భయంగా గుణించి క > గ అని రాయవచ్చు. జవాబు సీ.

సీ మీద మక్కువ తగ్గించుకోండి

రెండు ప్రవచనాలూ కలిపితే అంతా సుఖంగా తేలిపోతుంటే ఒకసారి అనుమానించడం అలవాటు చేసుకోవాలి.

క, గ పూర్ణసంఖ్యలు. క × గ సరి సంఖ్య అవుతుందా?
(1) 7 < క < 10
(2) గ = క + 1

రెంటినీ కలిపితే క విలువ 8 లేదా 9, లబ్ధం 72 లేదా 90, రెండూ సరి సంఖ్యలే. చేతికి అంకెలు వచ్చాయి కనుక సీ అని గుర్తు పెట్టడానికి మనసు తొందరపడుతుంది. కానీ రెండోదాన్ని ఒంటరిగా చూడండి. క, గ పక్కపక్కన ఉన్న పూర్ణసంఖ్యలు, వాటిలో ఒకటి తప్పకుండా సరి సంఖ్య, కనుక లబ్ధం ఎప్పుడూ సరి సంఖ్యే. ఒకటో ప్రవచనంతో పని లేదు; అది ఒక్కటే ఉంటే క = 9, గ = 1 అయినప్పుడు లబ్ధం బేసి అవుతుంది కూడా. జవాబు బీ. అందుకే ప్రతి ప్రవచనాన్నీ విడిగా పూర్తి చేసి, పక్కన చాలు లేదా చాలదు అని రాసిన తరువాతనే కలపాలి. ఒకటైనా చాలుతుందని తేలితే కలపవలసిన అవసరమే రాదు.

జీమ్యాట్‌లో రెండు ప్రవచనాలూ ఒకదానితో ఒకటి విభేదించవు. ఒకటో ప్రవచనం ప్రకారం క = 4 అనీ, రెండోదాని ప్రకారం క = 6 అనీ మీకు వస్తే తప్పు ప్రశ్నలో లేదు, మీ లెక్కలో ఉంది; అది దొరికేదాకా వెనక్కి వెళ్లాలి.

వరుస సరి సంఖ్యలు ఇచ్చినప్పుడు

మధ్య సంఖ్యకు పేరు పెట్టండి, లెక్క తేలికవుతుంది. మూడు వరుస సరి సంఖ్యల్లో మధ్యది క అయితే అవి క − 2, క, క + 2, మొత్తం 3క. క సరి సంఖ్య కనుక మొత్తం ఎప్పుడూ 6కు గుణిజమే. ఈ ఒక్క సంగతితో చాలా ప్రశ్నలు తేలిపోతాయి. మూడు వరుస సరి సంఖ్యల్లో చిన్నది ఎంత అని అడిగి, వాటి మొత్తం 40 కంటే ఎక్కువ, 50 కంటే తక్కువ అని ఒకటో ప్రవచనం ఇస్తే, ఆ నడుమ 6 గుణిజాలు 42, 48 రెండు ఉన్నాయి కనుక చాలదు. పెద్దది 17 కంటే చిన్నది అని రెండోది ఇస్తే అదీ విడిగా చాలదు. కలిపితే 42కు సంఖ్యలు 12, 14, 16, అవి సరిపోతాయి. 48కి 14, 16, 18, అందులో పెద్దది 18 కనుక పోతుంది. జవాబు సీ. మొదటి ప్రవచనంలో 50 బదులు 47 ఉంటే 42 ఒక్కటే మిగిలి, జవాబు ఏ అయ్యేది.

వరుస సరి సంఖ్యల గుర్తుల గురించి కూడా ఒక మాట. రుణం వైపు నుంచి ధనం వైపు నడిచే వరుస సున్న మీద అడుగు పెట్టకుండా దాటలేదు. అందువల్ల లబ్ధం సున్న కాదంటే వరుసలోని సంఖ్యలన్నీ ఒకే గుర్తుతో ఉన్నట్టే. మూడు వరుస సరి సంఖ్యల లబ్ధం ధనమని చెబితే మూడూ ధనమే, చిన్నది కనీసం 2. అదే నాలుగు సంఖ్యలైతే −8, −6, −4, −2 లబ్ధం కూడా ధనమే కనుక అలా చెప్పడానికి వీల్లేదు.

ఇక ఒక లెక్కను మీరే చేసి చూడండి.

క, గ ధన సరి పూర్ణసంఖ్యలు. క విలువ ఎంత?
(1) క × గ < 12
(2) క > గ

రెండు సరి సంఖ్యల లబ్ధం 4కు గుణిజం అవుతుందన్న సంగతితో మొదటి ప్రవచనాన్ని బిగించండి. లబ్ధం 4 లేదా 8 మాత్రమే కాగలదు; జతలు (2, 2), (2, 4), (4, 2) తప్ప మరేవీ మిగలవు. రెండో ప్రవచనం ఒంటరిగా ఏమీ తేల్చలేదు, కలిస్తే మాత్రం (4, 2) ఒక్కటే నిలుస్తుంది కనుక జవాబు సీ. ఇప్పుడు ‘ధన’ అన్న మాట కొట్టివేసి అదే లెక్కను మొదటి నుంచీ మళ్లీ చేయండి. క = 0, గ = −2 అన్న జత రెండు ప్రవచనాలకూ సరిపోతుంది, క = 4, గ = 2 కూడా సరిపోతుంది, జవాబు ఈ అవుతుంది.